మూడు నెలలు ముందే బతికి చూడండి

తిరుచానూరు నుంచి మాట్లాడుతున్నాను.

ఈ పూట బరువు తగ్గించే ఆపరేషన్ గురించి చెప్పుకుందాం. డాక్టర్లు దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. చేయించుకోండి అనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఆ మాట మీ ఇంట్లో వచ్చినప్పుడు ఎట్లా తేల్చుకోవాలో ఒక దారి చెబుతాను. ఆ దారి ఇదీ. ఆపరేషన్‌కి సరేననక ముందు, ఆపరేషన్ అయిపోయినట్టుగానే మూడు నెలలు బతికి చూడండి. మళ్ళీ చెబుతున్నాను. మూడు నెలలు ముందే బతికి చూడండి. ఎందుకో, ఎట్లాగో ఒక్కొక్కటే చూద్దాం.

మొదట ఒక సంగతి విడదీసుకోవాలి. 2015 జూన్ 6న నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. ‘నువ్వు నాకు నచ్చావ్’, ‘ఇంద్ర’ సినిమాల్లో చూశాం కదా, ఆవిడే. అప్పటికి 31 ఏళ్ళు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లలో వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్ళల్లో ఒక భయం పట్టుకుంది. బరువు తగ్గే ఆపరేషన్ అంటే ప్రాణం పోతుందని. ఆవిడ మరణానికి కారణం ఏమిటో తేల్చడం నా పని కాదు. లైపోసక్షన్ వేరు, బేరియాట్రిక్ వేరు అని చెప్పడం మాత్రం నా పని. లైపోసక్షన్ అంటే చర్మం కింద ఉన్న కొవ్వును గొట్టంతో లాగేయడం. ఒంటి ఆకారం మారుతుంది. షుగరు తగ్గదు. ఆకలి తగ్గదు. ఊబకాయానికి అది వైద్యం కానే కాదు. ఈ పూట మనం మాట్లాడేది కడుపుకీ పేగులకీ చేసే ఆపరేషన్. మీ ఊళ్ళో ఎవరైనా ‘కొవ్వు తీసేస్తారంట’ అంటే, ఏ ఆపరేషన్ అని మొదట అడగండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ళను మనం చాలా మాటలంటాం. నోరు కట్టుకోలేరు అంటాం. ఒళ్ళు వంచరు అంటాం. అది అన్యాయం. మనిషి తిండి తగ్గించి పది కిలోలు తగ్గాడనుకోండి. ఒళ్ళు దాన్ని కరువు వచ్చినట్టు లెక్క వేసుకుంటుంది. ఆకలి పెంచుతుంది. శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. కడుపు పైభాగంలో గ్రెలిన్ అనే హార్మోన్ పుడుతుంది. అది ఆకలి పుట్టించే హార్మోన్. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో దాన్ని కనిపెట్టారు. డైటింగ్ చేసేవాళ్ళలో అది పెరుగుతుంది. అందుకే తగ్గిన బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఇందులో మనిషి తప్పేమీ లేదు.

ఈ ఆపరేషన్ ఎట్లా పుట్టిందో వినండి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఉండేవారు. అల్సర్ కోసం కడుపులో కొంత భాగం తీసేసిన ఆడవాళ్ళు మళ్ళీ లావెక్కడం లేదని గమనించారు. దాంతో 1966లో ఊబకాయం కోసమే గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. తర్వాత ఇంకో వింత బయటపడింది. బైపాస్ అయిన షుగరు రోగుల్లో చాలామందికి కొద్ది రోజుల్లోనే షుగరు దిగడం మొదలయ్యేది. బరువు అప్పటికి ఇంకా పెద్దగా తగ్గి ఉండదు. పేగుల నుంచి వచ్చే హార్మోన్లే మారిపోతున్నాయన్న మాట. అందుకే ఇవాళ డాక్టర్లు దీన్ని బరువుకు మాత్రమే చేసే ఆపరేషన్‌గా చూడరు. షుగరుకీ చేసే ఆపరేషన్‌గా చూస్తారు.

లోపల ఏం చేస్తారు? మన తిరుపతి వాళ్ళకి తెలిసిన పోలికతో చెబుతాను. కొండమీద దర్శనానికి ఆగే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ తలుచుకోండి. జనం వచ్చి కంపార్ట్‌మెంట్లో కూర్చుంటారు. గేటు తీస్తారు. కొంతమందిని వదులుతారు. వాళ్ళు లైన్లో ముందుకి నడుస్తారు. మన కడుపు ఆ కంపార్ట్‌మెంట్. తిన్నది అక్కడ ఆగుతుంది. కింద గేటు ఉంది. అది కొంచెం కొంచెం వదులుతుంది. తర్వాత చిన్నపేగు. అది సుమారు 6 మీటర్ల లైను. ఆ లైను వెంబడి ఒంటికి కావాల్సిన సత్తువంతా లోపలికి చేరుతుంది.

ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్ ఆపరేషన్. ఇందులో కంపార్ట్‌మెంట్‌ని ఐదింట నాలుగు వంతుల దాకా, అంటే నూటికి 75 నుంచి 80 వంతులు కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. గేటు అట్లాగే ఉంటుంది. లైను అట్లాగే ఉంటుంది. కొంచెం తినగానే నిండిపోతుంది. గ్రెలిన్ ఎక్కువగా పుట్టే భాగం కూడా పోతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది. ఒకసారి తీసేస్తే మళ్ళీ అతికించలేరు. అది గుర్తుపెట్టుకోండి.

రెండోది బైపాస్. ఇందులో కంపార్ట్‌మెంట్ పై మూలలో ఒక చిన్న గది కడతారు. దాంట్లో సుమారు 30 మిల్లీలీటర్లు పడతాయి. ఆ గదికి కొత్త తలుపు పెట్టి లైనులో బాగా కిందికి కలుపుతారు. పాత కంపార్ట్‌మెంట్, లైను మొదటి భాగం ఒంట్లోనే ఉంటాయి. తిండి మాత్రం అటు పోదు. పాత గేటు దగ్గర ఆగడం లేదు కదా, అందుకే తీపి తింటే అది ఒక్కసారిగా పేగులోకి తోసుకుపోతుంది. చెమట్లు పడతాయి. గుండె దడదడలాడుతుంది. తల తిరుగుతుంది. విరేచనం అవుతుంది. డంపింగ్ అంటారు దీన్ని. మన తిరుచానూరు అమ్మవారి ప్రసాదం చిటికెడు నోట్లో వేసుకోవచ్చు. లడ్డూ మొత్తం తింటే ఒళ్ళు ఒప్పుకోదు.

లైను మొదటి భాగంలోనే ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పడతాయి. బీ12 పట్టాలంటే కడుపు సాయం కావాలి. ఇవి తగ్గిపోతాయి. కాబట్టి మాత్రలు వేసుకోవాలి. ఎన్నాళ్ళు? బతికినన్నాళ్ళు. ఇక్కడ మన తెలుగువాడు ఒకాయన్ని తలుచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. ఆ దుఃఖం ఆయన్ని వదల్లేదు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపించింది. ఇవాళ ఈ ఆపరేషన్ అయినవాళ్ళ మాత్రలో ఆ ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. పేగు తిండిని పట్టుకోకపోతే మనిషి ఏమైపోతాడో ఆయనకు ఇంట్లోనే తెలిసింది. అందుకే మాత్ర మానేయకండని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎవరికి ఈ ఆపరేషన్? బీఎంఐ అనే లెక్క ఒకటుంది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క అది. చెవికి ఎక్కేలా చెబుతాను. ఐదడుగుల ఎత్తున్న మనిషి బరువు 81 కిలోలు దాటితే బీఎంఐ 35 అవుతుంది. 93 దాటితే 40 అవుతుంది. 1991లో అమెరికా వైద్యులు గీసిన గీత ఇది. 40 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చు. 35 దాటి, షుగరు లాంటి జబ్బులుంటే ఆలోచించవచ్చు. 2022లో సర్జన్ల సంఘాలు ఆ గీతను కిందికి దించాయి. 35 దాటితే జబ్బు లేకపోయినా సరేనన్నాయి. మనలాంటి ఆసియా వాళ్ళకి ఇంకా తక్కువ దగ్గరే ఆలోచించమన్నాయి. మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వచ్చేస్తుంది కాబట్టి. ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం పాత గీత పట్టుకునే ఉన్నారు. వయసు 18 నిండాలి. బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, అదుపులేని షుగరో, గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో ఉండాలి. చిన్న వైద్యాలు పనిచేయలేదని కూడా చూపించాలి. పాలసీ కాగితం ముందే చదివించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు ఈ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను ముందే అడగండి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది నేను కల్పించి చెబుతున్నదే. తిరుచానూరులో పూలు కట్టి అమ్మే ఒక అక్క. 42 ఏళ్ళు. ఐదడుగుల ఎత్తు. 96 కిలోలు. ఎనిమిదేళ్ళుగా షుగరు. ఇన్సులిన్ పెంచుతూనే ఉన్నారు. రాత్రి గురక. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది. పగలంతా పూలు కడుతూనే కునుకుతుంది. అదే ఇంట్లో ఆవిడ కూతురు. 24 ఏళ్ళు. ఐదడుగుల ఒక అంగుళం. 62 కిలోలు. ఏ జబ్బూ లేదు. సంబంధాలు చూస్తున్నారు. పిల్ల లావుగా ఉందని ఒకళ్ళు అనేసి పోయారు.

‘పాపకు ఆపరేషన్ చేయిస్తే పోలేదా?’ అంటుంది పెద్దమ్మ.

‘నాకెందుకు పెద్దమ్మా? అమ్మకు కదా చూపించాల్సింది?’ అంటుంది పాప.

పాప చెప్పిందే నిజం. ఆ పిల్లకు ఈ ఆపరేషన్ అక్కర్లేదు. పెళ్ళిచూపుల కోసం కడుపు కోయించుకోవడం ఏ లెక్కలోనూ రాదు. అమ్మకు మాత్రం ఆలోచించాల్సిన కారణాలు మూడున్నాయి. షుగరు, ఊపిరి, బరువు. ఆవిడ తన కోసం ఆపరేషన్ సంగతి అడిగి ఉండదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు తమ జబ్బును ఆఖర్న చెప్పుకుంటారు. ఇంట్లో ఎవరైనా నిద్రలో ఊపిరి ఆగి లేస్తుంటే, దయచేసి గురకేలే అని వదిలేయకండి. డాక్టరుకి చెప్పండి.

లాభం ఎంత? సుమారుగా చెబుతాను. స్లీవ్ తర్వాత ఏడాది, రెండేళ్ళలో ఒంటి బరువులో నాలుగో వంతు దాకా తగ్గుతారు. బైపాస్‌లో ఇంకొంచెం ఎక్కువ. 96 కిలోల అక్క 72 దగ్గరికి రావచ్చు. సన్నజాజి తీగలాగా అవదు. షుగరు మందులు తగ్గుతాయి, కొందరికి ఆగిపోతాయి. తర్వాతి ఏళ్ళలో కొంత బరువు తిరిగి వస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద పరిశీలన ఒకటుంది. ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు తగ్గాయని 2007లో అది చూపించింది. ఇది డబ్బున్నవాళ్ళ వైద్యమే అనుకోకండి. 2023లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో రెండు వందల కిలోలు దాటిన యువకుడికి ప్రభుత్వ డాక్టర్లే ఈ ఆపరేషన్ చేశారు.

నష్టం మాటేమిటి? అనుభవం ఉన్నచోట ప్రాణాపాయం తక్కువ. వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా అని పెద్ద పరిశీలనలు చెబుతున్నాయి. తక్కువే. లేదని మాత్రం కాదు. కుట్టు దగ్గర కారడం, రక్తస్రావం, కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరడం, ఇవీ భయపడాల్సినవి. ఇంటికి వచ్చాక జ్వరం వచ్చినా, గుండె వేగంగా కొట్టుకున్నా, కడుపునొప్పి పెరిగినా, ఆయాసం వచ్చినా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులైనా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి. మళ్ళీ చెబుతున్నాను. జ్వరం, దడ, కడుపునొప్పి, ఆయాసం, ఆగని వాంతులు. ఆ రాత్రే పోవాలి. వాంతులు వారాల తరబడి సాగితే బీ1 తగ్గిపోయి మెదడు దెబ్బతింటుంది. కొత్తగా అలవాటవుతోందిలే అని కూర్చోకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆపరేషన్ ఒక పూట. తర్వాతి తిండి, మాత్ర, పరీక్ష జీవితాంతం. నన్నడిగితే, చేయించుకోవాలా వద్దా అన్నది ఆ జీవితాంతాన్ని చూసి తేల్చుకోవాలి. ఎన్ని కిలోలు తగ్గుతాం అన్నది తర్వాతి మాట. అందుకే మూడు నెలలు ముందే బతికి చూడమంటున్నాను.

ఎట్లా బతకాలి? మన సంగటినే తీసుకోండి. రాగి సంగటిని మనం నమలం. ముద్ద చేసి, పులుసులో ముంచి, మింగేస్తాం. సంగటి తినే తీరే అది. ఆపరేషన్ తర్వాత అట్లా మింగితే ఆ సన్న గొట్టంలో ఇరుక్కుంటుంది. నొప్పి వస్తుంది. వాంతి అవుతుంది. కాబట్టి ఇవాళ్టి నుంచే చిన్న పళ్ళెం తీసుకోండి. చిన్న చిన్న ముద్దలు. మెత్తగా నమిలి మింగాలి. పళ్ళెంలో మొదట పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్. తర్వాత కూర. ఆఖర్న సంగటో అన్నమో. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదంటారు. ఒక గుడ్డులో 6 గ్రాములే. కాబట్టి ఇది అనుకున్నంత తేలిక కాదు. ముఖ్యంగా శాకాహారులకు. పాలు, పెరుగు, పనీరు, మీల్‌మేకర్, పప్పులు ప్రతి పూటా లెక్కపెట్టుకోవాలి. తింటూ నీళ్ళు తాగకూడదు. అరగంట ఎడం ఇవ్వాలి. మిగతా రోజంతా గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. చెరుకురసం, కూల్‌డ్రింకు పక్కనపెట్టాలి. రోజూ ఒకే వేళకు డాక్టరు రాసిన మాత్ర ఒకటి వేసుకోవాలి. మన గుడి కోనేరు పద్మసరోవరం చుట్టూ అయినా సరే, రోజూ కాసేపు నడవాలి.

మన ఊరికి ఇంకో సంగతి ఉంది. ఉపవాసాలు. శుక్రవారం ఒంటిపూట ఉంటాం. ఏకాదశికి పచ్చిమంచినీళ్ళు ముట్టనివాళ్ళూ ఉన్నారు. ఆపరేషన్ అయినవాళ్ళు నీళ్ళు మానితే ప్రమాదం. ఒక్కసారిగా ఎక్కువ తాగి సర్దుకోలేరు కదా. ఒళ్ళు ఎండిపోయి ఆస్పత్రిలో చేరేవాళ్ళుంటారు. కార్తీక మాసంలో బ్రహ్మోత్సవాల రోజుల్లో మీ ఉపవాసం ఎట్లా ఉండబోతుందో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. అత్తగారితో సహా మాట్లాడుకోండి. అమ్మవారు మన కష్టం తెలిసిన తల్లి. గుక్కెడు మజ్జిగ తాగినంత మాత్రాన ఆవిడ నొచ్చుకోరు.

షుగరు మందు, ఇన్సులిన్ వాడేవాళ్ళు జాగ్రత్త. తిండి తగ్గిస్తే షుగరు పడిపోతుంది. డాక్టరుకి చెప్పే ఈ మూడు నెలలు మొదలుపెట్టండి. ఆపరేషన్ త్వరగా చెయ్యాలని డాక్టరే అంటే ఆగకండి.

ఈ మూడు నెలల్లో బరువు తగ్గాలని నేను అనడం లేదు. తగ్గకపోతే మీరు ఓడిపోయినట్టూ కాదు. చూడాల్సింది వేరే. నాలుగు రకాలు వండిన ఇంట్లో మీ చిన్న పళ్ళేన్ని ఎవరైనా గౌరవించారా? మాత్ర ఎన్ని రోజులు మరిచిపోయారు? కోపం వచ్చినప్పుడు, దిగులు పుట్టినప్పుడు చెయ్యి ఎటు పోయింది? రాత్రిపూట ఆపుకోలేక తింటున్నారా? ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. దిగులు వల్ల తినే అలవాటు ఉంటే మొదట దానికి వైద్యం కావాలి. సర్జన్ కత్తి దిగులును తీసెయ్యలేదు. మగవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఆపరేషన్ తర్వాత, అందులోనూ బైపాస్ తర్వాత, మందు తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తాగుడు అలవాటున్నవాళ్ళు దాచకుండా చెప్పండి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం వాయిదా వెయ్యాలి. బరువు తగ్గేకొద్దీ గర్భం త్వరగా నిలుస్తుంది. మాత్రల రూపంలో వేసుకునే గర్భనిరోధకం సరిగా పట్టకపోవచ్చు. డాక్టరమ్మను వేరే పద్ధతి అడగండి. ఆపరేషన్ అయ్యాక మూడు నాలుగు నెలలప్పుడు జుట్టు రాలుతుంది. భయపడకండి. తిండి, మాత్రలు సరిగా ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్ర కొనే అలవాటు మానుకోవాలి. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్ళ కడుపులో పుండు చేస్తాయి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతేమిటని అడుగుతారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. వారానికి ఒకటి. ఆకలి తగ్గిస్తాయి. కొందరికి ఇవే సరిపోవచ్చు. ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. ఖర్చు నెలనెలా ఉంటుంది. ఆపరేషన్ మాట తెచ్చిన డాక్టర్ని ఇంజెక్షన్ గురించి కూడా అడగండి. రెండూ విన్నాకే సంతకం పెట్టండి.

మూడు నెలల తర్వాత ఆ నోట్‌బుక్కు తీసుకుని వెళ్ళండి. మొదట షుగరు, హార్మోన్ల డాక్టరు దగ్గరికి. తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. వేలూరు సీఎంసీ ఆస్పత్రి కూడా మనకు దూరం కాదు. సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి. మీరు ఏడాదికి ఇట్లాంటివి ఎన్ని చేస్తారు? నాకు స్లీవా, బైపాసా, ఎందుకు? అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? డైటీషియన్ ఎవరు? రక్తపరీక్షలకు, మాత్రలకు ఏడాదికి ఎంతవుతుంది? ఆపరేషన్ ఖర్చు ఒక్కటే చెప్పి, ఏడాది ఖర్చు చెప్పనిచోట తొందరపడకండి. పాత మందుల చీటీలు, షుగరు రిపోర్టులు, ఇన్సూరెన్స్ కాగితం, ఆ నోట్‌బుక్కు, అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. ఇంట్లో వంట ఎవరు చేస్తారో వాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళండి. డైటీషియన్ చెప్పేది వాళ్ళు వినాలి.